తోడేలు దిక్కు మాట్లాడిన

"అత్తమ్మా, అంగడిల గాజులామె నన్ను పట్టుకొని ‘తోడేండ్ల కొమురవ్వ కోడలివా’ అన్నది. ఏందత్తమ్మా గది?"

అన్నదా? అంటరు, అంటరు. మరి నువ్వేమన్నవ్? అవునన్నవా? మంచిగ చెప్పినవ్. ఎన్కట ఎవరన్న గా మాట అంటె కొంగు ముఖం మీదికి గుంజుకొని సందుల పడి పోయేదాన్ని. ఇప్పుడైతె ‘ఔ, నేనే, ఏంది సంగతి’ అంట. జర ఆ చాట ఇటియ్యి. చేతులు ఊకె ఉంటె నాకు మాట రాదు. కందులు చెరుక్కుంట చెప్త, నువ్వు రాళ్ళేరు.

మీ బయ్యారం దిక్కు గుట్టలన్నీ చెట్లే గద బిడ్డ. అక్కడ ఎలుగుబంట్లుంటయి, దుప్పులుంటయి. తోడేలు గట్ల కాదు. దానికి పెద్ద చెట్లు అక్కర్లేదు. మన జనగామ దిక్కు ఉన్నట్టు బోడగుట్టలు, బండలు, రేగుపొదలు, దున్నని పడావు భూములు, గదే దానికి ఇల్లు. గొర్రెకు మేత ఎక్కడనో దానికి ఉనికి గక్కడనే. అందుకే మన కురుమోళ్ళకు దానికి ఎన్నడూ పడదు. ఒక్క ఇంట్ల ఇద్దరు యారాండ్లున్నట్టు. నవ్వకు, మా యారాలు లచ్చవ్వ, మీ పెద్దత్త, మంచిదే గని, ఊకె ఓ మాటకు అన్న.

నా తల్లిగారూరు టేకుమట్ల అవుతల. ఐదో తరగతి దాక చదివిన నేను. చదివిన అంటె, ఐదుల కూసున్న, గంతే. మా సారు పేరు పిలిస్తె గూడ ‘ఉన్న సార్’ అనకపోయేదాన్ని నేను, పక్కపిల్ల చెప్పాలె. అంత సిగ్గు. గప్పుడు ఏటా చలికాలం మొగోళ్ళందరు గుట్టకు పోయి తోడేలు బొక్కకు పొగ పెట్టెటోళ్ళు. ఉన్న తొర్రలన్నిటికి రాళ్ళు కొట్టి, ఒక్కటే ఇడిసిపెట్టి, అండ్ల ఎండుగడ్డి, ఎండు మిరపకాయలు కుక్కి అంటుపెట్టుడు. లోపట పిల్లలుంటయి. ఒకపారి మిరపకాయల గంప నా నెత్తి మీదనే పోయింది. నాకు తొమ్మిదేండ్లో పదేండ్లో. బొక్కల నుంచి దగ్గు వినబడ్డది బిడ్డ. అచ్చం మనిషిపిల్ల దగ్గినట్టే. జరసేపటికి వినబడలే. మా నాయినను నేను తప్పు పట్ట. పొటేలు రెండు వందలకు అమ్మే కాలం, రెండు వందలంటె మాకు రెండు నెలల బువ్వ. ఒక్కటి పోతె ఇంట్ల పొయ్యి ఆరేది.

గట్ల ఏటికేడు పొగబెట్టి పొగబెట్టి తోడేలు జాడనే లేకుంట చేసిన్రు. నేను లగ్గమై ఈడికొచ్చినంక ఇరువై, కాదు, ఇంకా ఎక్కువనే, ఇరువై ఐదేండ్లు దాని కూత చెవుల పడలే. పీడ పోయిందనుకున్నం. ఏం పోయింది? అడివిపందులు దిగినయి. మక్కజొన్న చేన్ల ఒక్క పూట పడ్డయంటె పెండ్లోళ్ళు తిని లేసిన పందిరి లెక్క చేస్తుండె. రైతులు చేను సుట్టు కరెంటు తీగలు పెట్టుడు మొదలుపెట్టిన్రు. ఆ తీగ తగిలి మన చూలు గొర్రెనే ఒకటి సచ్చింది, మీ మామను అడిగితె చెప్తడు, ఇప్పటికీ దాని పేరెత్తితె కండ్లల్ల నీళ్ళు పెడుతడు.

ఇగ మూడేండ్ల కింద, మక్కలు ఇంటికొచ్చిన దినాలల్ల, గొర్లెంట పోయిన నేను. బోడగుట్ట మీద బండకు పండుకొని ఉన్నది. మొదలు కుక్క అనుకున్న. లేసి నిలబడ్డది. కాళ్ళు పొడుగు, తోక కిందికి. నా దిక్కు చూసింది, చూసి, నిమ్మలంగ పోయింది. పొదుగు దిగి ఉన్నది దానికి. అంటె పిల్లలున్నయి. నేను ఇంటికొచ్చి మీ మామకొక్కనికే చెప్పిన. ‘నోట్లె బియ్యం పోసుకొని ఊకుండు, మా అన్నకు తెలిస్తె మందినంత లేపుతడు’ అన్నడు.

ఆ అన్నే మీ పెదమామ మల్లయ్య, లచ్చవ్వ పెనిమిటి. నాకు బావ. కురుమసంఘానికి గప్పుడు గూడ ఆయననే పెద్ద. నీకు ఇప్పుడు గమ్మత్తనిపిస్తది గని, బావ ముందట మర్దలు నోరిప్పద్దని మా అత్త చెప్పింది, నేను ఇప్పలే. ఏమన్న చెప్పాలెనంటె గోడకు చెప్పాలె, లేకుంటె కుక్కకు. ‘ఓ నల్లోడా, మీ అయ్యకు బువ్వ అయిందని చెప్పు’ అంట నేను. ఆయన ‘నల్లోడా, చెయ్యి కడుక్కొని వస్తనని చెప్పు’ అంటడు. నల్లోడు ఆయన దిక్కొక్కసారి నా దిక్కొక్కసారి చూసుడు. ముప్పై ఏండ్లల్ల మూడు కుక్కలు మారినయి బిడ్డ, పేరు మాత్రం నల్లోడే. లేకుంటె మాకు మాటలెట్ల?

ఇగ అసలు సంగతి. పెద్ద గొర్లు మేతకు పోతె పాలుతాగే గొర్రెపిల్లలను దొడ్లె ఇడుస్తం గద. ఎన్కట దొడ్డి అంటె రేగుకంప, ఛాతి మట్టుకు, ముండ్లు బయటికి. బావ ఆ ఏడు అంగడిల నీలం జాలి కొనుక్కొచ్చి నాలుగు గుంజలకు చుట్టిండు. అల్కగ అయిపోయింది. ఓనాడు పొద్దుగాల లచ్చవ్వ కేక ఇనబడి ఉరికిన. పదకొండు పిల్లలు. ఎక్కడిదక్కడ పడి ఉన్నయి. లచ్చవ్వ ఒక్కొక్కదాన్ని ఒళ్ళె పెట్టుకొని పేరు పెట్టి ఏడుస్తాంది. బావ చూసిండు, ఒక్కటే మాట, ‘తోడేలు. బోడగుట్ట మీద ఉన్నదని నాకెరికె. ఆదివారం పొగ పెడుతున్నం, ఇంటికో మనిషి రావాలె.’

సచ్చిన పిల్లలను ఏం చేస్తం మనం? ఆడోళ్ళం గంపల ఏసుకపోయి ఊరవుతల ఉన్న పెద్దబండ మీద పోసి వస్తం. పాతిపెట్టం, కాలపెట్టం. తాతల కాలం నుంచి గంతే. రాబందులు దిగి పూటల సాపు చేసేటియి. నేనే గంపెత్తుకున్న, లచ్చవ్వకు చేతులాడుతలేవు. ఒక్కొక్కదాన్ని గంపల ఏస్తుంటె చూసిన. ఎన్కతొడలు చీరి ఉన్నయి, కడుపులు చింపి ఉన్నయి. ఒక్కదాని మాంసం గూడ తినలే. ఒక్కదాన్ని గూడ ఎత్తుకపోలే. ఎరికేనా, తోడేలు ఆటకు చంపదు. దానికి పిల్లలున్నయి, గొంతు పట్టుకొని ఒక్కదాన్ని ఎత్తుకొని పోతది. గిది తోడేలు పని కాదు అని నా పాణం కొట్టుకుంటాంది.

గంపతోని బండ కాడికి పోయిన. ఇంక దూరం ఉండంగనే ఏడు కుక్కలు ఎదురొచ్చినయి. ఊరకుక్కలు. మొరుగలే బిడ్డ. తోకలూపినయి! నా గంప చూసి, అన్నం పెట్టే మనిషి వచ్చినట్టు, నా చీర కుచ్చిళ్ళకు రాసుకుంట. ఎర్రకుక్క ఒకటి, దాని పండ్లల్ల ఉన్ని ఇరికి ఉన్నది. మెడ కింద నెత్తురు ఎండి అట్ట కట్టింది.

గంప ఎత్తుకొని అట్లనే నిలబడ్డ. రాబందులు పోయి ఎన్నేండ్లాయె? వాటి నీడ గూడ చూసినోళ్ళు లేరు. మరి ఇన్నేండ్లు నేను పోసిన పిల్లలను ఎవరు తింటాన్రు? ఇయ్యే. గొర్రె రుచి వీటికి మరిగిచ్చింది ఎవరు? నేనే. నా చేతులతోని, నా గంపతోని. బండ మీద పోసి ఎన్కకు తిరిగి చూడకుంట ఇంటికొచ్చేదాన్ని, బండ మీద ఏమైతాందో ఒక్కనాడన్న చూసినమా? బండ మీద దొరకని నాడు దొడ్డికే వచ్చినయి.

పిల్లలను అక్కడ పొయ్యలే. మన చెల్క చేన్ల తీసుకపోయి పారతోని నేనొక్కదాన్నే గుంత తవ్వి పాతిపెట్టిన. మీ మామకు చెప్పిన. ‘నిజమే కావచ్చు, మా అన్నకు ఎవరు చెప్పాలె? నేనా?’ అన్నడు. ఆయనకు అన్నంటె భయం. నాకు అందరంటె భయం. నల్లోనికి చెప్పిన, వాడు పొయి చెప్తడా?

శనివారం గ్రామసభ పెట్టిన్రు. పొగ సంగతి ఎట్ల తెలిసిందో ఫారెస్టు జీపు వచ్చింది. అండ్ల నుంచి ఓ పిల్ల దిగింది, ఖాకీ బట్టలు, మానుకోట పిల్లనంట, నీ ఈడే ఉంటది. ‘తోడేలును చంపితె కేసు, జైలు’ అని చెప్పింది. మంచికే చెప్పింది పాపం, గని మంట మీద నూనె పోసినట్టయింది. మన ఐలయ్య లేసి, ‘నీ జీతం ఒకటో తారీఖు పడుతది మేడం. సచ్చిన నా గొర్రె ఎన్నో తారీఖు లేస్తది?’ అన్నడు. అందరు చప్పట్లు. మక్కరైతు ఒకాయన ‘తోడేలు ఉంటె పందిపిల్లలను తింటది, మాకు అది ఉండాలె’ అన్నడు. బావ లేసి, ‘నీ మక్కలకు కావలి నా గొర్లా?’ అన్నడు. ఇగ చూడు లొల్లి. కుర్చీలు లేసినయి. ఎవరు చెప్పింది గూడ అబద్ధం కాదు, గదే పరేషాన్. నేను ఆడోళ్ళ ఎన్క గోడకు ఆనుకొని ఉన్న. రేపు ఆదివారం. బొక్కల పిల్లలున్నయి. నాకు దగ్గు వినబడుతాంది. నిజంగ వినబడలే గని, వినబడుతాంది.

కాళ్ళు ఎప్పుడు లేసినయో తెల్వదు. సెక్రెటరీ నన్ను చూసి ‘పింఛను సంగతా అవ్వా?’ అని మైకిచ్చిండు. ‘కాదు సారూ, తోడేలు సంగతి’ అన్న. ఊరంత నవ్విన్రు. మైకు పట్టుకోంగనే నా గాజుల చప్పుడు ఊరంత వినొచ్చింది. బావ ముందటనే కూసున్నడు. ఆయనతోని మాట్లాడద్దు గద. నేను మైకుతోని మాట్లాడిన. మైకు నల్లగనే ఉన్నది, నల్లోడే అనుకున్న.

‘పిల్లలను చంపింది తోడేలు కాదు. కుక్కలు. వాటిని సాదింది నేను’ అని చెప్పిన. గంప చెప్పిన, బండ చెప్పిన, ఎర్రకుక్క పండ్లల్ల ఉన్ని చెప్పిన. ‘గీ కూసున్న ఆడోళ్ళు చెప్పాలె, మీరు బండ కాడికి పోతె కుక్కలు తోకలూపుతయా లేదా?’ అని అడిగిన. ఎన్క నుంచి లచ్చవ్వ, ఆమెవే పోయినయి పదకొండు, ఆమె అన్నది, ‘ఊపుతయి.’ ఆ మాటతోని నాకు ధైర్యమొచ్చింది. ‘పదిహేను రోజులు ఆగుండ్రి. సచ్చినదాన్ని పాతిపెడుదం. దొడ్లకు కంప కడుదం. నా పిల్లలు పద్నాలుగున్నయి, వాటిని బోడగుట్ట కిందనే దొడ్లె పెడుత. పదిహేను రోజులల్ల తోడేలు నాది ఒక్క జీవాన్ని పట్టినా మీరు పొగ పెట్టుండ్రి, మిరపకాయల గంప నేనే మోస్త.’

బావ నా దిక్కు చూడలే. మీ మామను అడిగిండు, ‘ఏమిరా, నీ పెండ్లాం పందెం కాస్తాంది, నువ్వొప్పుకున్నవా?’ మీ మామ, అన్నంటె వణికే మనిషి, లేసి నిలబడి, ‘అది ముప్పై ఏండ్లకు ఒక్క మాట అడిగింది అన్నా. ఎట్ల కాదనాలె?’ అన్నడు. లగ్గం నాడు గూడ గంత మంచిగ కనబడలే నాకు మీ మామ.

కంప కొట్టుడు మొదలైంది. రేగుముండ్లు గుచ్చుకొని చేతులు జల్లెడైనయి. లచ్చవ్వ వచ్చింది, ఫారెస్టు పిల్ల గూడ టోపీ తీసి పక్కన పెట్టి కంప గుంజింది. ‘నీకెందుకు బిడ్డ’ అంటె ‘జైలు మాట ముందు అన్నందుకు’ అన్నది. కోడి దుకాణపాయన పేగులు రోడ్డెంట పారేస్తుండె, సర్పంచు ఆయనతోని గుంత తవ్విచ్చిండు. ఇగ కుక్కలకు బండ కాడ ఏం లేదు, రోడ్డు మీద ఏం లేదు. నాలుగో నాడు తెల్లారంగ బావ చెంబు పట్టుకొని పోతాండట. ఏడు కుక్కలు నా దొడ్డి సుట్టు తిరుగుతానయి. ఎర్రది కంప కింద మన్ను గీకుతాంది. ముండ్లు మూతికి దిగి కుయ్యిమని ఎన్కకు దునికింది. బావ చెంబు అక్కడనే ఇడిసి నిలబడి చూసిండట. మాకు చెప్పలే. లచ్చవ్వకు చెప్పిండు, ఆమె నాకు చెప్పింది. తెల్లారి బావ తన నీలం జాలిని చుట్టచుట్టి అటుక మీద పడేసి, గొడ్డలి పట్టుకొని కంపకు పోయిండు. ఊర్లె ఒక్కొక్క దొడ్డికి కంప లేసింది.

గెలిచిన అనుకున్న. పదకొండో నాడు, పగటిపూట, మీ మామ ఒర్రెల గొర్లకు నీళ్ళు పెడుతాండు, నేను గొర్ల ఎన్కల ఉన్న. కుంటిగొర్రె ఒకటుండె మనకు, చెవులు తెల్లగుండేది, ఎప్పటికీ ఎన్కబడుతది. రేగుపొద ఎన్క నుంచి తోడేలు వచ్చింది. ఉరకలే. నడుసుకుంటనే వచ్చింది, నేనున్న అని దానికెరికె. నేను కేకేసిన, కట్టె ఇసిరిన. గొంతు పట్టుకున్నది, గుంజుకపోయింది. ఒక్క నిమిషం పట్టలే. గడ్డి మీద ఉన్నిపోగు ఇంత మిగిలింది.

పందెం ఏమని కాసిన? ఒక్క జీవాన్ని పట్టినా అన్న. ఇంక నాలుగు పొద్దులే ఉండె. చూసినోళ్ళు ఎవరూ లేరు బిడ్డ. మీ మామకు గూడ కేక వినబడలే, గాలి అటుంది. కుక్కలు కొట్టినయంటె అయిపోయె. యాడనో తప్పిపోయిందంటె అయిపోయె. బొక్కల పిల్లలు బతుకుతయి. అబద్ధం చెప్తె బతుకుతయి, నిజం చెప్తె సస్తయి. గిట్ల పడ్డది నాకు. చాన సేపు కూసున్న. గని మైకుల ఏం చెప్పిన నేను? తోడేలు చేసింది తోడేలుది, కుక్క చేసింది కుక్కది, ఒకదానిది ఒకదాని మీద పెట్టద్దని గద చెప్పిన. ఇప్పుడు నేనే పెడితె?

లేసి బావ దొడ్డి కాడికి పోయిన. ఆయన కంప సదురుతాండు. నల్లోడు ఒర్రె కాడ మీ మామెంట ఉండె. నడుమ కుక్క లేదు, గోడ లేదు. ఆయన, నేను. కొంగు గూడ గుంజుకోలే, మరిసిపోయిన. ‘బావా, తోడేలు మా కుంటిదాన్ని పట్టింది’ అన్న.

ఆయన తలెత్తిండు. ముప్పై ఏండ్లల్ల నా ముఖం సరిగ్గ చూసింది గప్పుడే కావచ్చు.

‘నువ్వు చూసినవా?’

‘చూసిన.’

‘ఇంకెవరన్న చూసిన్రా?’

‘లేరు.’

‘మరి ఎందుకు చెప్పినవ్?’

నాకు ఏడుపొచ్చింది. ‘మాటిచ్చిన గద’ అన్న.

ఆయన రుమాలు ఇప్పి ముఖం తుడుసుకున్నడు. మళ్ళ కట్టుకున్నడు. ‘మా నాయిన మంద తోలుకపోంగ ఎన్కబడ్డదాని కోసం ఎన్నడూ తిరిగిపోలే. అది గుట్టోనిది, తోడేలు వంతు అనెటోడు. మా నాయిన ఎందుకంటాండో గప్పుడు నాకు తెలువలే’ అన్నడు. గంతే. కంప సదురుకుంట వంగిండు. పొగ పెడుతడో లేదో చెప్పలే. ఆ నాలుగు దినాలు నాకు బువ్వ ఎక్కలే బిడ్డ.

పదిహేనో నాడు మళ్ళ సభ. ఈసారి బావనే మైకు గుంజుకున్నడు. ‘తోడేలు ఒక్క గొర్రెను పట్టింది’ అన్నడు. అందరు ‘ఇగో, ఇగో, చెప్పినం గద’ అని లేసిన్రు. ‘కూసోండ్రి! ఎట్ల తెలిసిందో అడుగుర్రి. ఎవ్వలు చూడంగ పట్టలే. మా తమ్ముని పెండ్లాం నడిచొచ్చి తన నోటితోని చెప్పింది. దాస్తె ఎవనికి తెల్సు? పదకొండు పిల్లలను కుక్కలు చంపితె నేను తోడేలు మీద పెట్టిన. పెద్దమనిషిని, నేనే తప్పు చెప్పిన. పందెం ప్రకారం గెలిచింది మనమే. గెలిచినోళ్ళం మనం ఇడిసిపెడితె అడిగేటోడెవడు? బోడగుట్టకు పొగ పెట్టేది లేదు. పెట్టేటోడు నా దొడ్డి దాటి పోవాలె.’

చప్పట్లు బిడ్డ! మక్కరైతులైతె ఈలలేసిన్రు. ఐలయ్య, ఆ ఒకటో తారీఖు మనిషి, మొదలు మొఖం మాడ్చుకొని, ఆ ఎన్క లేసి, ‘చలికాలం మూణ్ణెల్లు బోడగుట్ట మీదికి మేతకు పోవద్దు, అది పిల్లలను సాదుకోనియ్యుండ్రి’ అన్నడు. ఎవరు చెప్పమన్నరు ఆయనను? ఎవరూ చెప్పలే. ఫారెస్టు పిల్ల కుంటిదానికి కాయిదం రాస్త అన్నది, రాసింది, వచ్చినయి పైసలు గూడ. లచ్చవ్వ నన్ను పట్టుకొని గుంజి గుంజి ఊపింది.

మూడు చలికాలాలాయె. పందులు లేవని కాదు, ఉన్నయి, గని మక్కచేను సగం మిగులుతాంది, కరెంటు తీగలు పెట్టద్దని రైతులే ఒప్పుకున్నరు. తోడేలు పట్టదా అంటె పడుతది, ఏడాదికి రెండో మూడో. లెక్క ఎవరికి వాళ్ళమే చెప్పుకుంటం, దాసేది లేదు. పోయిన నెల రేగొండ కాపర్లు వచ్చి కంపదొడ్డి ఎట్ల కట్టిన్రో చూసిపోయిన్రు. వాళ్ళ గుట్ట మీద గూడ తోడేండ్ల జోడు దిగిందట. నన్ను వచ్చి మాట్లాడుమన్నరు. పోతున్న. మైకుతోని కాదు, ఈసారి మనుషులతోనే మాట్లాడుత.

ఇయ్యాల పొద్దుగాల బావ, నేను పోయి దూరం నుంచి చూసినం. ఈ ఏటి పిల్లలు బొక్క బయట ఎండకు పడి ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటానయి. ‘నాలుగు’ అన్నడు ఆయన. ‘ఐదు బావా, ఒకటి తల్లి కింద ఉన్నది’ అన్న. ‘నీకు కండ్లు మసకలొచ్చినయి’ అన్నడు. ‘నీకే వచ్చినయి’ అన్న. ఇంటి దాక కొట్లాడుకుంటనే వచ్చినం, లచ్చవ్వ తలుపు కాడ నిలబడి నవ్వుతాంది.

ఐదే బిడ్డ. నేను చూసిన.

ఇగో, నువ్వు వచ్చిన కాన్నుంచి చూస్తున్న, నేనేదన్న అంటె ‘సరే అత్తమ్మ, సరే అత్తమ్మ’ అంటున్నవ్. గట్ల అనకు. నాది తప్పైతె తప్పని నా ముఖం మీద చెప్పు, రేపటి నుంచే. నీకు ముప్పై ఏండ్లు పట్టద్దు తల్లీ, నీ మాటకు నడుమ గోడ ఉండద్దు, కుక్క ఉండద్దు. నీ కడుపున పుట్టేది గూడ గట్లనే పెద్దగ ఏడ్చుకుంట పుట్టాలె. ఆ చాట జర ఇటు జరుపు. కందులు పడ్డయి చూడు, మాటలల్ల...